పీరును ఒడిలో పెట్టుకొని చార్మినార్‌కు

మా దిక్కు నుంచి పట్నం పోయేవాళ్ళు కచేరీ పనికో, దవాఖానాకో పోతారు. పని అయినాక చార్మినార్ చూసి వస్తారు. నేనూ, మా అక్క భర్త మల్లయ్య బావా పోయింది మా ఊరి పీరును అతికించుకు రావడానికి. జర్మనీ యుద్ధం మొదలు కావడానికి ముందటి ఏడు, పుష్యమాసంలో పోయాము. ఈ మధ్య రెండు ఊళ్ళవాళ్ళు తమ పీర్లను కూడా బాగు చేయించుకోవాలని, ఎక్కడ దిగాలి, ఎవరిని అడగాలి, ఎంతవుతుంది అని నన్ను అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే రాసి పెట్టడం మేలనిపించింది. రోజు పుస్తకం రాసే అలవాటు ఉంది కనుక వేళలూ ఖర్చులూ సరిగ్గానే ఉంటాయి.

మా ఊరు ఎల్లారెడ్డికి రెండు కోసుల దూరం. సాయెబుల ఇళ్ళు నాలుగే. అయినా పీర్ల పండుగ ఊరందరిదీ. మా పెద్దపీరు ఇత్తడిది. చాచిన అరచేయి ఆకారంలో ఉంటుంది. దాన్ని పొడుగాటి కర్రకు బిగించి, రంగుల బట్టలు కట్టి, పది రోజులు ఊరంతా తిప్పుతాం. మిగతా ఏడంతా చావడిలో పెట్టెలో ఉంటుంది. దాన్ని చూసుకునేది కాసీం సాయెబు. ఎత్తేది బావ. అంతకుముందు బావ వాళ్ళ నాయన ఎత్తేవాడు. పండుగ ముందు దాన్ని కడిగేది బావ వాళ్ళ అమ్మ, మేమంతా అవ్వ అంటాం.

అంతకు ముందటి పండుగ పదో రోజున, పీర్లను వాగుకు తీసుకుపోతుండగా పెద్దపీరు మెడ దగ్గర విరిగి బావ కాళ్ళ ముందు పడింది. డప్పులు ఆగిపోయాయి. ఆ వానాకాలం మృగశిర దాటి నెల గడిచినా చినుకు లేదు. బావను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయన చావడి ముందు నుంచి పోతుంటే అక్కడి మాటలు ఆగేవి, అంతే. కొన్నాళ్ళకు బావ ఆ బాట మానేసి పొలం గట్ల వెంట తిరగడం మొదలుపెట్టాడు. చివరికి కాసీం సాయెబే పెట్టె తెరిచి, చార్మినార్ దగ్గర పీర్లు చేసే గల్లీ ఒకటి ఉందని చెప్పి, తాను నడవలేడు కనుక మమ్మల్ని పొమ్మన్నాడు.

బయల్దేరే ముందు అక్క నన్ను దొడ్లోకి పిలిచింది. "మీ బావ మళ్ల రానని మనసుల పెట్టుకున్నడు. నాకు ఎరుకైంది. పీరు అతికినా అతకకున్నా ఆయనను తోల్కరా" అన్నది. సరేనన్నాను. ఎట్లా తోలుకురావాలో నాకు తెలియదు. మా బావ ఒకసారి అనుకుంటే ఎద్దులకన్నా మొండి.

ఎల్లారెడ్డి దాకా నడిచాము. పీరును కింద పెట్టకూడదు కనుక బావ దాన్ని ఆకుపచ్చ బట్టలో, దానిపైన తెల్ల ధోవతిలో చుట్టి, చెప్పులు లేకుండా రెండు చేతుల మీద మోశాడు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పొద్దున ఏడు గంటలకు సర్వీసు మోటారు ఉంటుంది. అప్పుడు మనిషికి ఎనిమిది అణాలు. వెనుక బల్ల మీద కూర్చుంటే కుదుపులకు నడుము పోతుంది, ముందు బల్ల అడగండి. తొమ్మిదిన్నరకు కామారెడ్డి చేరాము. పట్నం బండి పదకొండు గంటలకు. మూడో తరగతి టికెట్టు నైజాం హాలీ సిక్కాలో రూపాయి రెండణాలు. యుద్ధం వచ్చినాక పెరిగిందని విన్నాను. స్టేషను బయట జొన్నరొట్టె, ఉల్లికారం దొరుకుతాయి. బావ ముట్టలేదు.

మిర్జాపల్లిలో ఒక ముసలి జంట ఎక్కింది. ఆమె దగ్గర గంపెడు చిక్కుడుకాయలు ఉన్నాయి. మాకు ఎదురుగా కూర్చొని బావ ఒడి వంక చాలాసేపు చూసింది.

"ఎన్నో నెలనయ్యా? ఎక్కిన కాడికెల్లి చూస్తున్న, కదుల్తనే లేడు. పాలు పట్టిన్రా?"

బావ తల ఎత్తలేదు. నేనే చెప్పాను. "బిడ్డ కాదవ్వ. మా ఊరి పీరు. విరిగితే బాగు చేపిద్దామని తీస్కపోతున్నం."

ఆమె గంపను కాళ్ళ దగ్గరికి లాక్కొని, పక్కనున్న భర్తను మోచేత్తో పొడిచింది. "చుట్ట పారెయ్యి. పీరున్నడు."

"పీరుకు చుట్ట వాసన కొత్తనా? పది దినాలు మనూరి మొగోళ్ళ నడుమనే ఉంటడు గద" అంటూనే ఆయన చుట్టను కిటికీలోంచి పారేశాడు.

"ఎట్ల విరిగింది కొడుకా?" అని ఆమె బావనే అడిగింది.

"నా చేతులకెల్లి పడ్డది." పొద్దటి నుంచి బావ మాట్లాడిన మొదటి మాట అది.

ఆమె చిక్కుడుకాయల్లో పుచ్చులు ఏరుతూ కూర్చుంది. మేడ్చల్‌లో దిగేటప్పుడు మాత్రం గంప నెత్తికెత్తుకొని ఆగింది. "కావాల్నని పడేసినవా?"

"లేదవ్వ."

"మరింకేంది" అని దిగిపోయింది. ఆ మాట బావ చెవిన పడిందో లేదో నాకు తెలియలేదు.

కాచిగూడలో దిగేసరికి నాలుగయింది. చార్మినార్‌కు టాంగా ఎనిమిది అణాలు అడిగాడు, ఆరుకు వచ్చాడు. మూసీ మీది వంతెన దాటినాక రాతి దుకాణాల బజారు వస్తుంది. అది దాటితే రోడ్డుకు అడ్డంగా ఒక పెద్ద కమాను. దాని కింద నుంచి పోతే నీళ్ళ హౌజు, ఇంకో కమాను. ఆ రెండో కమానులోంచి చార్మినార్ కనిపిస్తుంది. మొదట మొత్తం కనిపించదు. దర్వాజాలోంచి ఇంట్లోని మనిషిని చూసినట్టు మధ్య భాగమే కనిపిస్తుంది. కమాను దాటగానే నాలుగు మినార్లూ ఒక్కసారిగా పైకి లేస్తాయి. నాలుగు దిక్కుల రోడ్లు అక్కడికే వస్తాయి. టాంగాలు, మోటార్లు, పండ్ల బండ్లు, బురఖాల ఆడవాళ్ళు, గుర్రం మీద ఒక జమేదారు, అన్నీ దాని చుట్టూ తిరిగి పోతుంటాయి. పైన నాలుగు వైపులా గడియారాలు ఉన్నాయి. మేము పోయినప్పుడు అయిదుకు పది నిమిషాలు తక్కువ.

టాంగావాడు చూపుతూ పోయాడు. ఊళ్ళో మహమ్మారి తగ్గినాక కట్టించారని అన్నాడు. "ఎన్నో తరాల కింద పిడుగు పడి ఒక మినారు కూలింది. మళ్ళీ కట్టారు" అన్నాడు. పట్నంలో మాతో మాట్లాడినవాళ్ళు ఉర్దూలో అన్నది ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

బావ తల ఎత్తాడు. "ఏది?"

"ఏది ఏమిటి?"

"కూలింది ఏ మినారు?"

"నేనప్పుడు పుట్టలేదు భాయీ" అని టాంగావాడు గుర్రాన్ని అదిలించాడు.

పీర్లు చేసే గల్లీ ఆ రెండో కమానుకు పక్కన ఉంది, ఎవరిని అడిగినా చూపిస్తారు. సుత్తి చప్పుళ్ళ వెంట పోయినా దొరుకుతుంది. మేము పోయిన దుకాణం మూడు గజాల వెడల్పు. ఒక ముసలి ఉస్తాద్ బొగ్గుల కుంపటి ముందు కూర్చొని ఉన్నాడు. మేము మూట విప్పబోతే ఆగమని చేయి చూపాడు. లేచి చేతులు కడుక్కొని, నోరు పుక్కిలించి, నిలబడే పీరును అందుకున్నాడు. నాకు ఆయన మీద అప్పుడే నమ్మకం కుదిరింది.

"ఎట్లా విరిగింది?"

"నా చేతులకెల్లి పడ్డది" అన్నాడు బావ.

ఉస్తాద్ విరిగిన అంచును వీధి వెలుతురులోకి తిప్పి చూశాడు. అద్దాలు తీసి మళ్ళీ చూశాడు. బొటనవేలుతో మెడ మీద పైకీ కిందికీ రాశాడు.

"దీన్ని ఎట్లా కడుగుతారు?"

బావ ముఖం విప్పారింది. "మా అవ్వ కడుగుతది. చింతపండు పెట్టి, ఇటుక పొడి పెట్టి, పొద్దంత తోముతది. బంగారం లెక్క మెరుస్తది. మా సుట్టుపక్కల ఏ ఊరి పీరు గట్ల మెరువది."

"ఎన్నేళ్ళ నుంచి?"

"కోడలిగ వచ్చిన కాడికెల్లి. నలభై ఏండ్లు దాటింది."

ఉస్తాద్ పీరును కుంపటి వెలుగు దగ్గరికి జరిపాడు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. అరచేతి మీద ఒకప్పుడు అక్షరాలు ఉండేవట. ఇప్పుడు చీమలు నడిచిన జాడలా రెండు మూడు గీతలు మిగిలాయి. మెడ తమలపాకంత పలుచగా ఉంది. విరిగిన అంచు మూడు వంతులు నల్లగా, చిలుము పట్టి ఉంది. ఒక్క వంతే ఇంకా పసుపుపచ్చగా ఉంది.

"నలుపు పాత పగులు. ఎన్నో ఏళ్ళుగా ఉంది. పచ్చటిదే కొత్తది" అన్నాడు. "ఇది పడి విరగలేదు, విరిగి పడింది. పులుపు తిన్నది, ఇటుక అరగదీసింది. ఎవరి చేతిలో ఉన్నా ఆ ఏడు కాకపోతే మరుసటి ఏడు ఊడేదే."

నాకు గుండె మీది బరువు దిగినట్టయింది. మేము బయల్దేరే పొద్దున, పట్నం పోతున్నది కదా కడిగి ఇస్తానని అవ్వ అన్నది. మోటారు దాటిపోతుందని బావ ఆగలేదు. ఆమె కడిగి ఉంటే ఆ నలుపు పోయేది, ఈ మాట మాకు ఎన్నటికీ తెలిసేది కాదు. అదే చెబుదామని బావ వైపు తిరిగాను. ఆయన ముఖంలో ఇందాకటి వెలుగు లేదు.

"అతుకుతదా?" అని మాత్రం అడిగాడు.

"అతుకుతుంది. కరిగించి కొత్తది పొయ్యమంటే పొయ్యను. వెనుక పట్టీ వేసి మేకులు కొడతాను. అతుకు కనబడుతుంది."

"కనవడనీ."

రూపాయిన్నరకు ఒప్పుకొని, మర్నాడు మధ్యాహ్నం మూడో జాము నమాజుకు ముందు రమ్మన్నాడు. దగ్గర్లో సరాయి ఉంది, మనిషికి రెండణాలు, నీళ్ళు బాగుంటాయి. పీరును బయల్దేరినాక మొదటిసారి వదిలినందుకేమో, బావకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నడిచేటప్పుడు కూడా రెండు చేతులూ ముందుకు పట్టుకునే నడిచాడు.

మర్నాడు పొద్దున్నే చార్మినార్ దగ్గరికి పోయాము. చూడాలనుకునేవాళ్ళు ఎనిమిది లోపల పోతే మంచిది. అప్పటికి ఎండ ఒక పక్కకే ఉంటుంది, జనం తక్కువ, సున్నపు పూల పని నింపాదిగా చూడవచ్చు. నేను ఆ పూలూ గడియారాలూ చూస్తుంటే బావ మెడ ఎత్తి మినార్ల చుట్టూ తిరిగాడు. ఒక్కొక్క మినారు కింద ఆగి, కింది నుంచి పై దాకా చూసి, తర్వాతి దాని దగ్గరికి పోయాడు. అట్లా నాలుగు చుట్లు తిరిగాడు.

"కూలి మళ్ల కట్టింది ఏదో తెలుస్తలేదు" అన్నాడు.

పూలు అమ్మే ఆమెను అడిగాము. ఆమె దండ గుచ్చుతూనే గడ్డంతో మక్కా మసీదు దిక్కు మినారును చూపింది. చెట్టు కింద అర్జీలు రాసే ముసలాయన దానికి ఎదురుది అన్నాడు, పూలామె మాట తప్పని గట్టిగా చెప్పి పంపాడు. చౌరస్తాలో నిలబడ్డ జవాను మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"ఏదీ కూలలేదు. ఎవడు చెప్పాడు మీకు?"

"టాంగాయన."

"టాంగావాళ్ళ మాట నమ్మితే చార్మినార్‌ను కూడా కొనుక్కొని ఊరికి పోతారు. పొండి, దారికి అడ్డం నిలబడకండి."

నీడలోకి వచ్చి మెట్టు మీద కూర్చున్నాము. ముందు నుంచి మనుషులు పోతూనే ఉన్నారు. చాలాసేపటికి బావ నోరు తెరిచాడు.

"బామ్మర్ది, ఆ ఉస్తాద్ చెప్పిన మాట ఊర్ల చెప్పకు."

"ఎందుకు బావ? చెప్తే నీ మీది మాట పోతది."

"నా మీదికెల్లి పోయి, ఎవల మీద పడ్తది?"

అంతసేపూ నాకు ఆ ఆలోచనే రాలేదు.

"నలభై ఏండ్లు తోమింది" అన్నాడు. "ఇప్పుడు కండ్లు కనవడయి. ఇంకే పనీ చేతగాదు. ఆ ఒక్క దినం ఊరంత ఆమె సుట్టు కూసుంటది. తోముడు అయినంక కాసీం మామ ఆమె చేతులకెల్లి పీరును తీస్కుంటడు. గామెతోని నువ్వు పోయి, అవ్వా, నువ్వే అరగదీసినవు అని చెప్తవా?"

"మరి ఊర్ల ఏమని చెప్తం?"

"నా చేతులకెల్లి జారింది. గంతే. ఎప్పుడు చెప్పిందే."

"వాన పడకపోయింది కూడ నీ మీదనే ఉంటది బావ."

"ఉండనీ. నాకు అలవాటైంది."

ఇక దాచలేక అక్క నాతో అన్న మాట చెప్పాను. బావ నా వంక చూశాడు. "ఆమెకెట్ల ఎరుక?"

"రెండు దినాల పయనానికి నాలుగు ధోతులు మూట కట్టినవట."

బావ నవ్వాపుకున్నాడు. "నిజమే. నువ్వు పీరును తీస్కపోతే, నేను ఈడ్నే ఏదన్న కూలి చూస్కుందామనుకున్న. ఇంత మందిల ఒకడు ఎక్కువైతే ఎవలకు తెలుస్తది అనుకున్న." చేతులు ఒడిలో పెట్టుకొని అన్నాడు. "ఇప్పుడు కుదరది. నేను రాకుంటే పండుగకు అవ్వ మళ్ల చింతపండు నానవెడ్తది. ఆపెటోడు ఎవడున్నడు?"

మూడో జాముకు ముందే ఉస్తాద్ దగ్గరికి పోయాము. పీరు వెనుక వేలెడు వెడల్పు పట్టీ, ఆరు మేకులు. కొత్త ఇత్తడి పచ్చగా వేరే కనబడుతోంది. ఉస్తాద్ మళ్ళీ నిలబడే ఇచ్చాడు. ఇక నుంచి గులాబీ నీళ్ళతో మెత్తటి బట్ట పెట్టి తుడవాలని, పులుపూ ఇటుకా తగలనివ్వద్దని చెప్పాడు. పట్నంలో పెద్ద పీర్లకూ అంతేనట.

చార్మినార్ పక్కనే అత్తరు దుకాణాలు ఉన్నాయి. ఒక దుకాణంలో బావ గులాబీ నీళ్ళు అడిగాడు. "పెళ్ళికా?" అన్నాడు దుకాణదారు. "మా అవ్వకు" అన్నాడు బావ. దుకాణదారు మూడు సీసాలు ముందు పెట్టి, ఇది రంగు బాగుంటుంది, ఇది సీసా బాగుంటుంది అని చెప్పబోయాడు. "వాసన గట్టిగ ఉన్నది ఇయ్యి. ఆమెకు కనవడది" అని బావ మూడూ వాసన చూసి, అన్నిటికన్నా మురికి సీసాలో ఉన్నదాన్ని తీసుకున్నాడు. ఆరణాలు. బేరం చేయలేదు.

తిరుగు బండి కాచిగూడలో పొద్దున ఎక్కితే చీకటి పడకముందే ఎల్లారెడ్డి చేరవచ్చు. మేము అట్లాగే వచ్చాము. చావడి ముందు జనం కూడారు. కాసీం సాయెబు పీరును అందుకొని పట్టీ మీద వేలు పెట్టి చూశాడు. ఏమయిందన్నాడు ఉస్తాద్ అని ఎవరో అడిగారు.

"నా చేతులకెల్లి జారింది గద, మెడ కాడ దెబ్బ తగిలింది. అతికిచ్చిండు" అన్నాడు బావ. "అతుకుకు పులుపు తాకద్దన్నడు, ఊడ్తదట."

"మరి ఈ పండుగకు ఎవలెత్తాలె? మళ్ల జారితే?" అన్నాడు వెనుక నుంచి ఒకాయన.

"జారితే మళ్ల పట్నం పోతడు. తొవ్వ తెలిసింది గద" అన్నాడు కాసీం సాయెబు. కొందరు నవ్వారు. నేను ఆయన చేతినే చూస్తున్నాను. బొటనవేలు పట్టీ దాటి, మెడ పలుచబడిన చోట ఆగింది. ఆయన బావ వంక చూశాడు. బావ నేల చూశాడు. కాసీం సాయెబు ఆకుపచ్చ బట్టను అతుకు మీద ఒక చుట్టు ఎక్కువ చుట్టి పెట్టెలో పెట్టాడు.

పండుగకు ముందు రోజు అవ్వను ఎప్పటిలాగే చావడిలో కూర్చోబెట్టారు. బావ ఆమె దోసిట్లో గులాబీ నీళ్ళు పోశాడు. పట్నంల పెద్ద పీర్లను గిట్లనే కడుగుతరు అవ్వ, మనకే ఇన్నాళ్ళు ఎవలు చెప్పలేదు అన్నాడు. చింతపండు లేకుంటే మెరుస్తదా అని ఆమె రెండుసార్లు అడిగింది. తర్వాత ఆ చేతులు ముక్కు దగ్గర పెట్టుకొని, పక్కన కూర్చున్న ఆడవాళ్ళకు కూడా ఒక్కొక్కరికీ వాసన చూపించింది. మెత్తటి బట్టతో పొద్దంతా తుడిచింది. పదో రోజున పెద్దపీరును బావే వాగు దాకా మోశాడు. ఆ ఏడు వానలు కొంత ముందూ కొంత వెనుకా, ఎప్పటిలాగే పడ్డాయి.

అవ్వ కిందటి ఏడు పోయింది. బావను అడిగే ఇది రాస్తున్నాను. రాయి, అవ్వ పేరు మాత్రం రాయకు అన్నాడు. రాయలేదు. చార్మినార్ ఎంత ఎత్తు, ఎవరు ఏ పని చేశారు అనేవి చెప్పగలిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది ఒక్కటే. మా ఊళ్ళో మనిషి తన మాట తాను ఆలోచించుకోవడానికి కూర్చుంటే, ఏమైందని పదిమంది వస్తారు, లేదా చూడనట్టు పక్కకు తిరుగుతారు. ఆ చౌరస్తాలో పొద్దంతా కూర్చున్నా మమ్మల్ని ఎవరూ అడగలేదు, ఎవరూ తప్పుకొని పోలేదు. అన్ని దిక్కుల నుంచి వచ్చే మనుషుల మధ్య, ఆ పెద్ద రాతి నీడలో కూర్చొని, మా బావ ఏది ఎవరి మీద ఉండాలో తానే తేల్చుకొని లేచాడు.

ఇక మీరు పీరునో, మరే ఇత్తడి వస్తువునో తీసుకుపోతుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. శుభ్రంగా కనిపించాలని ఇంటి దగ్గర తోమకండి, విరిగిన అంచును అసలే ముట్టుకోకండి. ఎట్లా విరిగిందో అట్లాగే పొడి బట్టలో చుట్టి తీసుకుపోండి. ఆ అంచు చూస్తేనే ఏమైందో అక్కడివాళ్ళు చెప్పగలుగుతారు.